తఫీదా తిట్లు తిని పెరిగిన దూడ

మా ఊరు కఫ్ర్ జుమ్మైజాలో నేను కాటా మనిషిని. తాత నాటి నుంచీ మాది ఇదే పని. మంగళవారం సంతలో ఏ పశువైనా నా కాటా ఎక్కి దిగాకే చేతులు మారుతుంది. అంచేత ఊళ్ళో ఎవరి మాటలో ఎంత నిజముందో మసీదులో ఇమాము గారికన్నా నాకే బాగా తెలుసు. ఆ పాతికేళ్ళ అనుభవం మీద చెబుతున్నాను, తఫీదా ఖాలా అంత అబద్ధాలకోరు ఈ నైలు కాలవల మధ్య ఇంకొకరు పుట్టలేదు.

ఖాలా అంటే పిన్ని. రక్తసంబంధం లేకపోయినా ఊరందరికీ ఆమె పిన్నే. ఆమె ఆడే అబద్ధాలన్నీ దూడల గురించే. తక్కిన విషయాల్లో ఆమె మాట రాతి మీద గీత. దూడ ఎలా ఉంది ఖాలా అని ఎవరైనా పలకరిస్తే చాలు, ముఖం వేలాడేసేది.

"దూడా అది? తోలు కప్పిన నులకమంచం. రైలింజను బొగ్గు మింగినట్టు మింగుతది, స్టేషను మాత్రం దాటదు."

ఆ నులకమంచం తీరా నా కాటా ఎక్కితే ముల్లు గిర్రున తిరిగేది. పక్కింటివాళ్ళ దూడ కన్నా నలభై కిలోలు ఎక్కువ తూగేది. అయినా కాటా దిగుతున్న దూడని చూసి ఆమె "నీళ్ళు తాగిన బరువు" అని గొణిగేది. ఏళ్ళ తరబడి ఆమె దూడలన్నీ నీళ్ళు తాగే పెరిగాయి.

దిష్టి భయం ఊరందరికీ ఉంది, ఆమె ఒక్కతెకే కాదు. మా దగ్గర ఎవడూ తన పశువుని తాను మెచ్చుకోడు. ఇంట్లో పశువులెన్ని అని అడిగితే ఎన్నున్నా ఐదే అంటాం, ఆ అంకె అరచేయి అడ్డం పెట్టినట్టు కాపాడుతుందని నమ్మకం. కాకపోతే మిగతావాళ్ళు అబద్ధం అవసరానికి ఆడతారు, ఖాలా మనసుపెట్టి ఆడుతుంది.

పశువుల మీద ఆమెకున్న విద్య మాత్రం అబద్ధం కాదు. అది మొగుడి దగ్గర నేర్చుకుంది. పోయిన ఫహ్మీ మామ లారీల్లో బస్తాలు ఎత్తేవాడు. పొద్దున్నే ఉడికించిన చిక్కుడుగింజలు ఒక గిన్నెడు, ఏడు రొట్టెలు, మధ్యాహ్నం దాకా ఆగలేక మళ్ళీ నాలుగు. తిండికి తిమ్మరాజు, ఒళ్ళు మాత్రం వెదురు బద్ద. అదే పనిచేసే ఆయన తమ్ముడు రెండు రొట్టెలు తిని దున్నపోతులా ఉండేవాడు. రొట్టెలు కాల్చీ కాల్చీ చేతులు బొబ్బలెక్కిన కొత్త పెళ్ళికూతురికి అప్పుడే తెలిసొచ్చిందట, తినడం వేరు, తిన్నది ఒంటికి పట్టడం వేరు అని. మొగుణ్ణి మార్చుకోలేకపోయింది గానీ దూడల్ని ఎంచుకోవడంలో మళ్ళీ మోసపోలేదు.

ఆమె ఎంచుకునే తీరు చూడటానికి నేను ఒకసారి సంతంతా వెంట తిరిగాను. అందరూ గాడి మీదకి ఎగబడి తినే దూడ చుట్టూ మూగితే ఈమె దాని వెనక్కి వెళ్ళి పేడ చూసింది. పేడలో గింజలు గింజలుగా కనబడితే, అది తిన్న సొమ్ము నేలపాలవుతోందన్నమాట. మేత ఎగరేసి చిందరవందర చేసే దూడ వద్దు. ఈగ వాలినా ఉలిక్కిపడే దూడ అసలే వద్దు, తిన్నదంతా ఆ కంగారుకే ఖర్చవుతుంది. మేసి, తిన్నగా వెళ్ళి పడుకుని, కళ్ళు సగం మూసుకుని నెమరేసే దూడ కనబడితే చూడనట్టు దాటిపోయి, రెండు చుట్లు తిరిగొచ్చి, "ఈ పీనుగుని కొనేవాడెవడు" అంటూ బేరం మొదలుపెట్టేది.

ఫహ్మీ మామ పోయిన చలికాలంలోనే ఆమె ఆవు ఈని చచ్చిపోయింది. మిగిలిన కోడెదూడకి గేదెపాలు కొని సీసాతో పట్టింది. రాత్రిళ్ళు చలికి తన దుప్పటే కప్పింది. పేరు మాత్రం ఖీషా అని పెట్టింది, అంటే గోనెగుడ్డ. పేరు వికారంగా ఉంటే దిష్టి దాని వంక చూడదు. అంతకుముందు వచ్చిపోయిన దూడలకి ఆమె పేర్లే పెట్టలేదు. వీడికి పెట్టింది కాబట్టి వీడు వేరే అని ఆ రోజే నాకు అనుమానం తగిలింది.

చిక్కల్లా ఒకటే. ఆ చనిపోయిన ఆవు కసాయి బురాయీతో పొత్తుది. ఆవు కొన్నది అతను, మేపింది ఈమె. కాబట్టి దూడలోనూ సగం అతనిదే. పొత్తు దూడ ఏ బక్రీదుకి కోతకి పోవాలో చెప్పే హక్కు మా దగ్గర కసాయిది. ఖీషాకి ఏడాది నిండగానే బురాయీ, వచ్చే బక్రీదుకి తోలుకుపోతానని చెప్పేశాడు. ఖాలా తల ఊపింది. అప్పటినుంచీ దూడని ఇంకా ఎక్కువ తిట్టడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే ఇంజనీరు రవూఫ్ మా ఊరొచ్చాడు. వ్యవసాయం చదివినవాళ్ళని కూడా మా దేశంలో ఇంజనీరనే అంటారు. తక్కువ మేతతో ఎక్కువ మాంసం పెంచే ఆబోతుని వెతుకుతున్నాడు. ఆ గుణం తండ్రి నుంచి పిల్లలకి దిగుతుందని, ఒక్క మంచి ఆబోతు దొరికితే పదేళ్ళలో ఊరి దాణా ఖర్చు ఎంతో తగ్గిపోతుందని కాఫీ కొట్టులో కూర్చుని చెప్పాడు. నలభై ఇళ్ళలో నలభై కోడెదూడలు, ఆర్నెల్ల పరీక్ష. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి నా కాటా మీద తూకం. మధ్యలో ఏ వారం ఎంత మేత పెట్టారో ఎవరి పుస్తకంలో వాళ్ళు రాసుకోవాలి. కిలో పెరగడానికి అన్నిటికన్నా తక్కువ తిన్న దూడ ఊరి ఆబోతు అవుతుంది. దానిలో ఎవరి పొత్తు ఉన్నా ఆ వాటా సర్కారు కొనేస్తుంది, దూడ మేపినవాళ్ళ కొట్టంలోనే ఉంటుంది. ఈ చివరి మాట వినగానే తఫీదా ఖాలా నా మోచెయ్యి పట్టుకుని, తన పేరు రాయించమంది.

మొదటి రోజు ఇంజనీరు ఇల్లిల్లూ తిరిగి పశువులెన్ని అని అడిగాడు. ఐదు. పక్కింట్లో ఐదు. ఆ పక్కింట్లోనూ ఐదు. గాడిదని, మేకని, బాతుని కలిపినా నాలుగు దాటని ఖాలా కూడా ఐదే అంది. సాయంత్రానికి ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "మీ ఊళ్ళో ఎక్కువ తక్కువలు లేవే, ముచ్చటగా ఉంది" అన్నాడు. అక్కడే పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు.

ఖాలాకి రాయడం రాదు. ప్రతి శుక్రవారం నమాజయ్యాక నా అరుగు మీద కూర్చుని లెక్క చెప్పేది, నేను ఆమె పుస్తకంలో ఎక్కించేవాణ్ణి. ఆమె కొన్న తవుడు, పత్తిగింజల చెక్క, ఎండబెట్టిన బర్సీము గడ్డి మోపులు అన్నీ నా కాటా మీదుగానే వెళ్ళేవి. వారానికి యాభై నాలుగు కిలోలు మించేవి కావు. ఆమె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, నూట ఇరవై రాయమనేది. నేను కలం ఎత్తి పట్టుకుంటే, "నువ్వు రాసేవాడివా, అడిగేవాడివా?" అనేది. తూకం అబద్ధం చెప్పదని గొప్పలు పోయే నేను ఇరవై ఆరు శుక్రవారాలు ఆ అబద్ధాన్ని చక్కటి దస్తూరీతో రాశాను. రాసినదాన్ని బట్టే ఆబోతుని ఎంచుతారన్న సంగతి ఆమెకి పట్టలేదు. కాటా చూసి ఎంచుతారనుకుంది. పుస్తకం మాత్రం దిష్టికళ్ళు చదువుకునేదని ఆమె లెక్క. నాకు తెలిసీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, నా పుస్తకంలో నా దూడకీ నేను అదే చేస్తున్నాను.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మా ఉలిపికట్టె హాజీ ముతవల్లీ. ఆయనకి దిష్టి భయమే లేదు. ఊరికి తగిలే దిష్టంతా ఆయన కంట్లోంచే బయల్దేరుతుందని అందరి నమ్మకం, ఇక ఆయనకి దేని భయం? మా మేనమామ నీళ్ళ ఇంజను చూసి భలే నడుస్తోందే అన్నాడు, సాయంత్రానికి అది ఆగిపోయింది. ఎవరి బాతునో మెచ్చుకుంటే అది నడుస్తూ నడుస్తూ పక్కకి ఒరిగింది. నేను ఇలాంటివి నమ్మను. అయినా ఆయన సంతలో కనబడితే కాటా మీద పట్టా కప్పేస్తాను. ఆ హాజీకి సుల్తాన్ అని ఎర్రటి కోడె ఉంది. అది గాలి పీల్చి పెరుగుతోందని ఆర్నెల్లూ చాటింపు వేసి, పుస్తకంలో తినిపించినదాంట్లో సగమే రాసుకున్నాడు.

బక్రీదు ఇంకో నెలుందనగా సహకార సంఘం దొడ్లో ఫలితాలు చెప్పారు. ఇంజనీరు ముఖం నిద్రలేనట్టు ఉంది. మా పుస్తకాల ప్రకారం ఈ నలభై దూడలు తిన్న బర్సీము జిల్లా మొత్తం మీద కూడా పండలేదట. ఒక్క సుల్తాన్ మాత్రం కిలోకి ఐదు కిలోలే తిని అందరికన్నా ముందుంది. అందరికన్నా వెనక, కిలోకి పదిహేను కిలోలతో, ఖీషా. బురాయీ మీసం సవరించుకుని, రేపు పొద్దున్నే తాడు తీసుకొస్తానని ఖాలాతో చెప్పాడు.

నాలుగడుగుల దూరంలో హాజీ ఆ కళ్ళు రెండూ తెరుచుకుని నిలబడే ఉన్నాడు. ఖాలా ఆయన్ని చూసింది, తర్వాత ఇంజనీరుని చూసింది.

"పుస్తకంలో రాయించింది అబద్ధం బాబూ. వాడు తక్కువ తింటాడు. తిన్నదంతా ఒంటికి పట్టించుకుంటాడు. నలభై ఏళ్ళలో అలాంటి దూడ నా చేతుల్లోకి రాలేదు."

ఆడవాళ్ళు కొందరు దిష్టి తగలకుండా తమ అంగీల్లోకి థూ థూ అనుకున్నారు. పరాయి మగవాళ్ళ ముందు తల మీది గుడ్డ తీసేసినా ఊరు అంత ఉలిక్కిపడేది కాదు. అయితే ఎవరూ నమ్మలేదు. జీవితమంతా అబద్ధమాడిన మనిషి ఒక్కసారి నిజం చెబితే అదే అసలైన అబద్ధంలా వినబడింది.

"నిన్నటిదాకా నులకమంచం అన్నావు గదా ఖాలా," అన్నాడు బురాయీ, "తెల్లారేసరికి బంగారు మంచం ఎట్టా అయింది?"

అందరూ నవ్వారు. ఆమె గడ్డం వణకడం నేను చూశాను. అంతకుముందు ఆమె ఏడవడం చూసింది ఫహ్మీ మామని మోసుకెళ్ళిన రోజునే. నాకు సిగ్గేసింది. లేచి, ఆ అంకెలు రాసిన చెయ్యి నాదేనని, ఆమె కొన్న మేతంతా నా కాటా మీదుగానే పోయిందని, అసలు లెక్క ఇదని చెప్పాను. నా దూడ పుస్తకం కూడా తప్పేనని చెప్పాను. ఆ తర్వాత ఒకాయన గొంతు సవరించుకుని తానూ కాస్త పెంచే రాశానన్నాడు. ఇంకొకాయన, ఇంకొకావిడ. పావుగంటలో ముప్పై తొమ్మిది ఇళ్ళవాళ్ళు పాపం ఒప్పుకున్నారు. ఇంజనీరు వెళ్ళి తవుడు బస్తా మీద కూలబడ్డాడు.

కూలబడ్డా, గట్టివాడే. మొదటి దూడనీ ఆఖరి దూడనీ ఇరవై రోజులు ఇదే దొడ్లో కడతానన్నాడు. మేత నేను తూచి పెట్టాలి, మిగిలింది నేనే తూచి తీయాలి, తాళం ఆయన దగ్గర. యజమానులు కంచె దాటి లోపలికి రాకూడదు. హాజీ, ఇరవై కాదు నలభై రోజులు పెట్టుకోమన్నాడు. మర్నాడు బురాయీ తన తాడు తెచ్చి దొడ్డి గుంజకే తగిలించి పోయాడు.

ఖీషా మొదటి రోజు మేత ముట్టలేదు. రెండో రోజూ ముట్టలేదు. పక్క గాడిలో సుల్తాన్ తవుడు ఎగరేస్తూ, చెక్క నములుతూ పెళ్ళివారి విందులా తింటోంది. హాజీ రోజూ వచ్చి ఖీషాని తేరిపార చూసి, "దూడ మంచిదే" అని వెళ్ళేవాడు. దిష్టి ఎవరిదో తేల్చుకోవడానికి ఖాలా ఇంట్లో పటిక కాల్చింది. అది పొంగి రెండు కళ్ళూ, ఒక తలపాగా తేలాయని నాకు తెచ్చి చూపించింది. నాకైతే ముద్దపటికే కనబడింది. కంచె దగ్గర నిలబడి ఆమె దూడని బతిమాలేది. నిజం బయటపడ్డాక ఇక దాచేదేముందని, నా బంగారమనీ, నా రాజా అనీ, నా కళ్ళ వెలుగు అనీ పిలిచేది. ఖీషా ఎవరో పరాయి ఆవిణ్ణి చూసినట్టు చూసి తల తిప్పుకునేవాడు.

మూడో రోజు పొద్దున బురాయీ వచ్చి గుంజ మీది తాడు తీసి, పురి సరిగ్గా ఉందో లేదో లాగి చూశాడు. అంతే, ఖాలాకి తిక్క రేగింది. కసాయి మీద కాదు, దూడ మీద.

"ఒరే గోనెగుడ్డా, నీ మొహం మండ. నువ్వు పుట్టి నీ అమ్మని మింగావు, నా గేదెపాలు మింగావు, నా దుప్పటి నమిలావు. ఇంత చేసిన నీకు తవుడు చేదైందా? గొడ్డుకి పుట్టినోడా, శనిగొట్టోడా, తిని చావు."

ఖీషా చెవులు రెండూ ఇటు తిరిగాయి. లేచాడు. గాడి దగ్గరికి నడిచి, మూతి పెట్టి, చిందకుండా తినడం మొదలుపెట్టాడు. సీసాపాల నాటి నుంచీ తిట్టు వినకుండా వాడు ఒక్క పూట తిని ఎరగడు పాపం. ఆ ముద్దుమాటలకి బెంగపెట్టుకున్నాడు. నేను కాటా పట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాను. ఆ రోజు నుంచీ ఇంజనీరే పొద్దునా సాయంత్రం కబురు పంపేవాడు, తిట్ల వేళయింది ఖాలాని రమ్మనమని.

ఇరవయ్యో రోజున ఊరంతా దొడ్డి చుట్టూ చేరింది. ముందు సుల్తాన్ కాటా ఎక్కింది. ఇరవై రెండు కిలోలు పెరిగింది. తర్వాత ఖీషా ఎక్కాడు. పద్దెనిమిది. హాజీ ఇంటి ఆడవాళ్ళు సంబరంతో నాలుక ఆడిస్తూ కేకలు పెట్టారు. బురాయీ గుంజ మీది తాడు అందుకున్నాడు. ఖాలా ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయింది.

"పెరిగింది సరే," అన్నాడు ఇంజనీరు. "తిన్నదెంతో చదువు వహ్దాన్."

నేను చదివాను. సుల్తాన్ తిన్నది రెండు వందల నలభై కిలోలు. ఖీషా తిన్నది నూట ఇరవై ఆరు. పిండి కొద్దీ రొట్టె అంటారు, సగం పిండికే వీడు ముప్పాతిక రొట్టెకి పైగా ఇచ్చాడు. కిలో పెరగడానికి సుల్తాన్‌కి పదకొండు కిలోల దాకా పట్టింది, ఖీషాకి ఏడు. హాజీ మళ్ళీ భాగించమన్నాడు. మళ్ళీ భాగించినా అంతే వచ్చింది. బురాయీ తన సగం ధర చేతిలో పడగానే, నాకు మొదట్నుంచీ తెలుసు అనేసి, తాడు భుజాన వేసుకుని పోయాడు.

ఖాలా లేచి కంచె దాటి వచ్చింది. ఖీషా మెడ చుట్టూ చేతులు వేసి, చెవి దగ్గర మొహం పెట్టి చాలాసేపు ఏదో చెప్పింది. పగ్గం నా చేతిలో ఉంది కాబట్టి ప్రతి మాటా విన్నాను. అవి తిట్లు కావు. ఏమిటో ఇక్కడ రాయను, వాడికి దిష్టి తగులుతుంది.

ఖీషా ఆమె కొట్టంలోనే ఉన్నాడు. ఊరి ఆవుల్లో మొట్టమొదట తోలుకొచ్చింది హాజీ ముతవల్లీ ఆవునే. పుట్టబోయే దూడ ఎలా ఉంటుందని ఆయన అడిగితే ఖాలా పెదవి విరిచి, ఆశ పెట్టుకోవద్దు హాజీ, ఇంటి కప్పు మీది గడ్డి కూడా పీక్కుతింటుంది అందట. ఆయన సంతోషంగా వెళ్ళాడు.

పోయిన నెల ఇంజనీరు కొత్త పుస్తకం పట్టుకుని మళ్ళీ వచ్చాడు. మా ఆవుకి ఖీషా వల్ల కోడెదూడ పుట్టిందని ఎవరో చెప్పారట. ఎలా ఉందని అడిగాడు. నేను ముఖం వేలాడేసి, ఏం చెప్పమంటారు, తోలు కప్పిన నులకమంచం అన్నాను. బరువెంత అన్నాడు. కాటా పాడైంది, తూచలేదన్నాను. ఆయన తలెత్తకుండా పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. తొంగి చూశాను. చాలా మంచి దూడ అని రాసి, కింద గీత గీశాడు.

"మొత్తం పశువులెన్ని?" అని అడిగాడు.

నా కొట్టంలో ఉన్నవి ఆ ఆవూ, ఆ దూడా. ఐదు అన్నాను.